బొక్కల భయం

మైలార్‌దేవ్‌పల్లిల బిడ్డ ఇంట్ల పగటీలి బువ్వకు కూసున్న. ఫోన్ల మా మరిది కొడుకు, "పెద్దమ్మా, అమ్మ పోయింది" అన్నడు. గా బువ్వ తిన్ననో లేదో ఇప్పటికీ యాదికొస్తలేదు.

పోయింది మా యారాలు, మా మరిది పెండ్లాం. సాతంరాయిల ఒక్క వాకిట్లనే ఇద్దరం ముసలోళ్లమైనం.

ఆమెకు మూత్రపిండాల మీదుండే చిన్న గ్రంథులు పనిచెయ్యవు. ఒంట్ల పుట్టాల్సింది పుట్టదు, దాన్ని రోజు గోలీల రూపంల తినాలె, బతికినన్నాళ్లు. బోనాలప్పుడు నేను ఒక్కపొద్దుంటే ఆమె ఇంత అంబలి తాగి గోలీ ఏసుకునేది. "ఒక్కపొద్దు పోతది కదనే" అంటే, "అది పోతే పోనీ అక్కా, నేను పోకుంటే సాలు" అని నవ్వేది.

నాకు అన్నిటికి పరేషానే. ఇమానం జర కిందికెల్లి పోయినా గుండె దడే. "నీ భయాన్ని గోలీలు చేసి పంచితే ఊరందరికి సరిపోతయ్" అనేది.

గసుంటి ఆమెకు గీ ఏడాది బొక్కల పరీక్ష అయినంక భయం పట్టుకుంది. బొక్కలు గుల్లయినయన్నరు. డాక్టరమ్మ నా ముందట్నే చెప్పింది: "మోతాదు మించితే ఎముకలకు చేటే. కానీ మానేస్తే ప్రాణానికే ముప్పమ్మా. జ్వరమొస్తే రెట్టింపు వేసుకోండి. వాంతులైతే ఆగకుండా వచ్చేయండి." తలకాయ ఊపింది. ఇంటికొచ్చినంక మెట్టు దిగాలన్నా నా బుజం పట్టేది.

"బొక్క ఇరిగి మంచంల పడితే నన్నెవలెత్తుతరక్కా?"

"నేను లేనా?"

"నిన్నెత్తనీకె ఇద్దరు కావాలె!"

నేను బిడ్డ ఇంటికి పోయిన్నాడే ఆమెకు జరమొచ్చిందట. గోలీ ఏసుకుంది, కక్కింది. కొడుకు మల్ల ఏసుకొమ్మంటే, "ఇయ్యాల్టిది అయిపోయింది బిడ్డా, ఎక్కువైతే బొక్కలను తింటది" అన్నదట. తెల్లారి సోయి లేదు. దవాఖానల సూదులిచ్చిండ్రు గని పడిపోయిన బీపీ మల్ల లేవలే.

మీ ఇండ్లల్ల గీ గోలీలు తినేటోళ్లుంటే, జరమొస్తే ఏం చెయ్యాలె, కక్కితే ఏం చెయ్యాలె, డాక్టరును ఇయ్యాల్నే అడిగి పెట్టుకోండ్రి. భయమైతే భయమైందని గూడ చెప్పుండ్రి. మా ఆమె డాక్టరమ్మకు గది చెప్పలే.

మూడోనాడు బొక్కలేరనీకె పోయినం. ఆడోళ్లు దూరమే నిలవడతరు గని నా కాళ్లు ఆగలే. నీళ్లు చల్లిన బూడిదలకెల్లి కొడుకు తీస్తుంటే, "నెమ్మదిగ పట్టు బిడ్డా, ఇరుగుతయ్" అన్న. నోట్లకెల్లి అట్లనే వచ్చింది. వాడు పాలతోని కడిగి, రెండు చేతులు దోసిలి పట్టి, చిన్న కుండల సప్పుడు కాకుండ పెట్టిండు.