మెట్ల మీది ఆఫీసు

మా కోడలు చనిపోయింది. తుంపరలో మిద్దె మెట్ల మీద జారిపడి పోయిందని మైపాడులో అందరికీ తెలుసు. ఆ వానలో ఎందుకు ఎక్కిందో కూడా తెలియాలని ఇది చెబుతున్నాను. నాకు చదువు రాదు, పక్కింటామె రాసిపెడుతోంది.

కోడలు ఇంట్లో కూర్చునే చెన్నై కంపెనీ పని చేసేది. వీపీఎన్ అనే దారిలో ఆఫీసులోకి పోవాలి. పాస్‌వర్డ్ కొట్టాక ఫోనుకు అంకెలు వస్తాయి, అవీ కొడితేనే తలుపు తెరుచుకుంటుంది. కరెంటు పోయి ఇంటర్నెట్ లైను తెగినప్పుడల్లా మళ్ళీ మొదటినుంచే. మా ఇంట్లో ఫోనుకు సిగ్నల్ లేదు, మిద్దె పైనే వస్తుంది. చూసుకుని దిగేలోపు ఆ అంకెల గడువు తీరిపోయేది.

అందుకని ఫోనిచ్చి నన్ను పైన నిలబెట్టి, అంకెల ఆకారాలు నేర్పింది. సున్నా గుడ్డు, ఒకటి తెడ్డు, ఆరు గాలం, ఎనిమిది పీత, మూడు సగం పీత. రేవులో చేపలు వేలం వేసిన గొంతు నాది, పైనుంచే అరిచి చెప్పేదాన్ని. "మెల్లింగా చెప్పత్తా, ఊరంతా నా ఆఫీసులోకి వచ్చేస్తారు" అని కిందనుంచి నవ్వేది. పని ముగిశాక మజ్జిగ తెచ్చిచ్చి, నా చెయ్యి పట్టుకుని దించేది. "నువ్వు పడితే నా ఆఫీసు మూసుకోవాల్సిందే అత్తా" అనేది.

ఈ కంప్యూటరు నాదేనని ఒకసారి నమ్మండి, ప్రతిసారీ అంకెలు అడగొద్దండి అని ఆఫీసును ఎంత బతిమాలిందో. చూస్తామన్నారు.

ఆ రోజు నేను గంప ఎత్తుకుని నెల్లూరు పోయాను. లైను తెగితే తనే ఎక్కింది.

ఇంట్లో పడింది కాబట్టి అది పనిలో పోయిన ప్రాణం కాదని ఆఫీసువాళ్ళు ఫోనులో అన్నారు. ఆ మెట్లే దాని ఆఫీసయ్యా అన్నాను. మీరే చెప్పండి, కాదా?

నిన్న ఆఫీసు నుంచి ఒకాయన కంప్యూటరు తీసుకుపోవడానికి వచ్చాడు. వచ్చే నెలనుంచి అందరికీ ఆ అంకెలు ఎత్తేస్తున్నారని ఓదార్పుగా చెప్పాడు. కోడలి పని బయటికి తీయాలంటే మాత్రం ఇంకొక్కసారి అంకెలు కావాలట. ఫోను పట్టుకుని పైకెక్కాను. వాన పడుతూనే ఉంది. గాలం, గుడ్డు, తెడ్డు, సగం పీత వచ్చాయి.

"వచ్చాయా అమ్మా? చెప్పండి."

"నువ్వే వచ్చి చూసుకో నాయనా."

"మెట్లు తడిగా ఉన్నాయమ్మా."

"ఉండాయి."

ఆయన మొదటి మెట్టు మీద ఒక కాలు పెట్టి, గోడ పట్టుకుని అక్కడే నిలబడిపోయాడు. నా చేతిలో ఫోను వెలుగు ఆరిపోయింది.