చిన్నాయన ఒప్పుకున్న హెడ్‌సెట్లు

మా చిన్నాయన పోయాడని ఎమ్మిగనూరు నుంచి ఫోను వచ్చినప్పుడు నేను ఆదోనిలో, కాలేజీ మెట్ల మీద ఉన్నాను. ఎవరు చెప్పారు, మీరు కళ్లారా చూశారా అని అడిగాను. ఫోను చేసిన పక్కింటామె నొచ్చుకుంది. అలా అడగడం నాకు నేర్పింది ఆయనేనని ఆమెకేం తెలుసు? బస్సులో వెళ్తున్నంతసేపూ ఎక్కడో పొరపాటు జరిగి ఉంటుందనే అనుకున్నాను. గుమ్మం ముందు అన్ని జతల చెప్పులు చూశాక గానీ నమ్మలేదు.

ఆయన దేన్నీ ఊరికే నమ్మేవాడు కాదు. పుచ్చకాయను తట్టి, వాసన చూసి, ఆపైన అమ్మేవాడి ముఖం చూసి కొనేవాడు. బస్సు బోర్డు చదివినా కండక్టరును అడిగేవాడు. కండక్టరు చెప్పాక పక్క సీటాయన్ని అడిగేవాడు. ఇంట్లో అందరూ ఆయన్ని అనుమానాల సామి అనేవారు. ఆ పిలుపు ఆయనకు లోలోపల ఇష్టమేనని నా అనుమానం.

చిన్న విమానాల్లో జనాన్ని ఎక్కించుకుని, ఆకాశంలో ఓ చుట్టు తిప్పి దించే ఒక కంపెనీలో ఆయన సామాన్లు చూసుకునేవాడు. అలాంటి విమానంలో ఇంజను మోతకు పక్కనున్న మనిషి మాట కూడా వినబడదు. అందుకే ఎక్కినవాళ్లందరికీ చెవులకు హెడ్‌సెట్ పెడతారు. బెల్టు కట్టుకోమన్నా, భయపడొద్దన్నా, పైలెట్ మాట అందులోనుంచి రావాల్సిందే.

కొత్త హెడ్‌సెట్లు కొనాల్సి వచ్చినప్పుడు ఒక అమ్మకందారు తేలికైనవి, అందమైనవి తెచ్చాడు. ఫోటోల్లో బాగుంటాయని యజమాని మురిసిపోయాడు. ఎంత గట్టివో చూడండని అమ్మకందారు ఒకదాన్ని తివాచీ మీద పడేశాడు. బండల మీద పడెయ్యమని చిన్నాయన అడిగితే నవ్వి మాట మార్చాడట. ఆ నవ్వు ఆయనకు నచ్చలేదు.

"మెత్తగుండేదాన్ని రెండుసార్లు సూడాల పాపా," అనేవాడు నాతో. "గట్టిదైతే దాని తప్పు అదే సెప్తాది."

నమూనాగా ఇచ్చినవాటిని సంచిలో వేసుకుని ఆదోని వచ్చాడు. అక్కడి జిన్నింగు మిల్లులో ఫిట్టరు ఆయన స్నేహితుడు, అందరూ భాయ్ అని పిలిచేవారు. పత్తి నుంచి గింజలు వేరుచేసే ఆ యంత్రాల మోతలో, దూదిపొట్టులో, ఉక్కలో పనిచేసే ఆడవాళ్లకు వాటిని కొన్నాళ్లు పెట్టుకోమని ఇచ్చాడు. విమానమెక్కే మనిషికి నేర్పితే నేర్పినట్టు పట్టుకుంటాడని, నేర్పనివాళ్లు ఎలా పట్టుకుంటారో చూడాలన్నది ఆయన పద్ధతి. ఆ రోజు నేనూ వెంట ఉన్నాను.

"మా మొగుళ్ల మాట ఇనపడకుండానా అన్నా?" అని ఒకామె అడిగితే, "ఇప్పుడు మాత్రం ఎవురు ఇంటాండారు మే?" అని భాయ్ అన్నాడు.

వాళ్లు వాటిని నోటి దగ్గరుండే మైకు కాడ పట్టుకుని లాగి తీశారు. తలనూనె, చెమట పట్టి కొన్నాళ్లకే చెవిమెత్తలు పొట్టులేచాయి. తిరిగి తీసుకెళ్లి విమానంలో తగిలిస్తే ఒకదానికి ఓ వైపు మాట రాలేదు.

మన ప్యాసింజర్లు మిల్లు కూలీలు కారు కదా అని యజమాని కసిరాడు. చిన్నాయన మెల్లగానే జవాబిచ్చాడట. "మిల్లులో ఇనపడకపోతే దగ్గరికొచ్చి సెయ్యి పట్టి సెప్తారు సార్. పైన పైలెట్ యాడ లేసొస్తాడు?"

అవే కొనేటట్టయితే తాను పనికి రానన్నాడు. సరే, ఇంట్లోనే ఉండమన్నారు. ఎవరో ఎక్కే విమానం కోసం మనం పస్తుండాలా అని చిన్నమ్మ గొడవపడింది. ఆయన ఉలకలేదు. చివరకు యజమాని తానే ఆ తేలికవాటిలో ఒకటి పెట్టుకుని ఎగిరొచ్చాక కబురు పంపాడు. పైన ఏం జరిగిందో ఆయన చెప్పలేదు, చిన్నాయన అడగలేదు. యజమాని చెవి చుట్టూ అంటుకున్న నల్లటి పొట్టును మాత్రం చూశాడట. ఆ తర్వాత లోహపు పట్టీ, లావుపాటి వైరు, విప్పి ఉతుక్కోగలిగే గుడ్డ తొడుగులు ఉన్నవాటికి ఒప్పుకున్నాడు. "ఇవి మాత్రం ఎన్నాళ్లుంటాయో," అని ఇంటికొచ్చి వాటినీ శంకించాడు.

చావుకు యజమాని పూలదండ తెచ్చి, ఆయన లోటు తీరదన్నాడు. చిన్నమ్మ నా చెవిలో, "ఇంగ అడిగేవోడు లేడు. ఆ తేలికవి తెచ్చి పెడతాడు సూడు," అంది. ఏడుస్తూనే అంది. నా మనసులోనూ అదే ఉంది.

దినాలు అయ్యాక, ఆయన సామాన్లు తెచ్చుకుంటామనే వంకతో ఇద్దరం వెళ్లాం. చిన్నాయన ఒప్పుకున్నవే వాడుతున్నామని పైలెట్ కుర్రాడు చెప్పాడు. చిన్నమ్మ నమ్మలేదు. విమానం వెనుక సీట్లో ఎక్కి కూర్చుంది. నేను పక్కన కూర్చున్నాను. మైకు కాడను వంచింది, వైరు లాగింది, తొడుగు విప్పి లోపల చూసింది.

"ఇంజను ఎయ్యప్పా," అంది.

మోత మొదలైంది. వినబడుతుందా అమ్మా అని పైలెట్ అడిగాడు. చిన్నమ్మ ఒక చెవి మీది గిన్నెను పక్కకు లాగి ఆ మోతంతా విన్నది, మళ్లీ పెట్టుకుంది. ఇంకోసారి అడగమంది. రెండో చెవికీ అలాగే చేసింది.

"ఇనపడతాంది," అంది చివరికి.

ఇంజను ఆగింది. ముందున్న ఫ్యాను రెక్కలు ఒక్కొక్కటిగా కంటికి ఆనాయి. పైలెట్ దిగొచ్చి తలుపు దగ్గర నిలబడ్డాడు. చిన్నమ్మ హెడ్‌సెట్ తీయలేదు. రెండు గిన్నెల మీదా అరచేతులు అదిమిపెట్టి, కళ్లు మూసుకుని కూర్చుంది. అతను దాన్ని ఇమ్మని చెయ్యి చాపలేదు.