బుధవారం నాటి రేటు

"...ఆగమని చెప్పానా లేదా? సోమవారం పొద్దున్నే పరిగెత్తుకెళ్లి మార్చుకురమ్మని నీ కాళ్లు పట్టుకున్నదెవరు?"

"అక్కా, మెల్లగా. రోడ్డు మీదున్నాం."

"రోడ్డు మీద పడేసిందే నువ్వు!"

గొడవ మా నోట్ల మార్పిడి కౌంటర్ వైపే వస్తోంది. బాబాయ్ కళ్లజోడు తుడిచి పెట్టుకున్నాడు. డబ్బు మార్చుకున్నవాళ్ల తగాదాలన్నీ చివరికి ఆయన ముందుకే వస్తాయి. ఎందుకంటే మా బాబాయ్‌కి తేదీలు తెలియవు. రేట్లు తెలుసు.

పొరుగు దేశం నోటుకు మన డబ్బు ఎంతన్నదే ఆయన క్యాలెండర్. "మీ పెళ్లెప్పుడు బాబాయ్?" అంటే "పద్దెనిమిదిన్నర దగ్గర" అంటాడు. పెద్దమ్మాయి పంతొమ్మిదికి పుట్టింది. చిన్నది కడుపులో ఉండగా ఇరవై రెండుకు ఎగబాకిన రేటు, అది పుట్టేసరికి ఇరవై ఒకటిన్నరకు దిగింది. దాని నెమ్మదితనానికి అదే కారణమని ఆయన గట్టి నమ్మకం.

ఒకసారి జ్వరమొస్తే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. "ఎప్పటి నుంచి?" అన్నాడు డాక్టరు.

"ముప్పైకి దిగినప్పటి నుంచి."

డాక్టరు థర్మామీటరు విదిలించి మళ్లీ పెట్టాడు.

పిన్నికి మాత్రం ఒంటికి కారం రాసుకున్నట్టుండేది. "నా పుట్టినరోజు ఈయనకు గుర్తుండదు. అడిగితే ఆ రోజు మార్కెట్‌కి సెలవు అంటాడు!"

ఫోన్లో ప్రపంచమంతా దొరికే రోజులు కావవి. పేపర్లో వచ్చేది బ్యాంకు రేటు. మా వీధి రేటు వేరు. పొద్దున దాన్ని సుద్దముక్కతో బోర్డు మీద రాసేవాణ్ణి నేను, సాయంత్రం తుడిచేసేవాణ్ణీ నేనే. తుడిచాక అది బాబాయ్ తలలో తప్ప ఇంకెక్కడా ఉండేది కాదు. ఆ తల తప్పు చెప్పదని వీధికి నమ్మకం. ఒకసారి మా యజమాని, మేం డబ్బివ్వాల్సిన ఒక ఖాతాదారుకు పాత రేటు కాస్త తగ్గించి చెప్పమంటే, బాబాయ్ తాళంచెవులు ఆయన చేతిలో పెట్టి బయటికి నడిచాడు. యజమాని చెప్పులు కూడా వేసుకోకుండా వెంటపడి వెనక్కి తెచ్చుకున్నాడు.

అక్కాతమ్ముళ్లు వచ్చి కౌంటర్ ముందు నిలబడ్డారు. మాకు రెండు గుమ్మాల అవతల కుట్టు షాపు వాళ్లది. అద్దె గది. తల్లి పొరుగు దేశంలో ఇళ్లలో పనిచేసి దాచిన నోట్లు వాళ్లకు మిగిల్చి పోయింది. వాటిని మార్చి ఆ గది కొనుక్కుందామనుకున్నారు. తమ్ముడు సోమవారం మార్చేశాడు. వచ్చిన డబ్బు కొద్దిలో తక్కువైంది. గది ఇంకొకరికి వెళ్లిపోయింది.

"బాబాయ్, ఒక్క మాట చెప్పు," అంది అక్క. "వీడు మార్చింది ముప్పై ఒకటికి. బుధవారం పెరిగిందని ఎవరో అన్నారు. నిజంగా పెరిగుంటే గది మాదయ్యేది. అదే నిజమైతే ఈ క్షణం నుంచి నా మిషన్లు నావి, వీడి మిషన్లు వీడివి. ఒకే కప్పు కింద కూర్చోను."

"అమ్మ కష్టమంతా తగలేశానంటోంది బాబాయ్," అన్నాడు తమ్ముడు. అతని వేళ్లు కౌంటర్ చెక్క అంచును పట్టుకుని వదలడం లేదు.

బుధవారం రేటు ముప్పై మూడున్నర. ఆ అంకె నా చేత్తో రాశాను. పైగా ఎదురింటి మందుల షాపాయన అదే బుధవారం మార్చుకుని, వీధంతా చాటింపు వేసినంత పని చేశాడు. ఆయనిప్పుడు మా బెంచీ మీదే కూర్చుని ఉన్నాడు.

బాబాయ్ కళ్లు మూసుకున్నాడు. పాత రేటు చెప్పే ముందు ఎప్పుడూ అలాగే మూసుకుంటాడు.

"బుధవారం... ముప్పైకి పావు తక్కువ."

"పడిందా?"

"పడింది తల్లీ. ఆగుంటే ఇంకా పోయేది."

"అదేంటి బాబాయ్!" మందులాయన లేచాడు. "బుధవారం నాకు..."

"నీవి పెద్ద నోట్లు," అన్నాడు బాబాయ్, కళ్లు తెరవకుండానే. "పెద్ద నోట్ల రేటు వేరు. వీళ్లవి చిల్లర నోట్లు."

మందులాయన తెచ్చినవి గల్లాపెట్టెలోని చిల్లర నోట్లే. లెక్కపెట్టి నా వేళ్లు నొప్పెట్టాయి. ఆయన నా వైపు చూశాడు. నేను సుద్దముక్క వైపు చూశాను. ఆయన తమ్ముడి వేళ్ల వైపు చూశాడు.

"అవునవును," అని కూర్చున్నాడు. "పెద్దవే. ఇంతింత ఉంటాయి." చేతులు చాపి చూపించాడు. ఆ లెక్కన అవి నోట్లు కావు, దుప్పట్లు.

అక్క చేతిసంచితో తమ్ముడి నెత్తిన ఒకటి వేసింది. "ఆ ముక్క నోరు తెరిచి ఏడవొచ్చుగా వెధవా!"

"నాకు తెలిస్తే కదే!"

"తెలీకుండానే మంచి పని చేశావా? నీకంత తెలివెక్కడిదిలే. పద, ఆ కోటుకు ఇంకా చేతులు వెయ్యాలి."

మళ్లీ పోట్లాడుకుంటూనే వెళ్లారు. ఈసారి కోటు చేతులెవరు వెయ్యాలన్న దాని మీద.

నేను బాబాయ్‌నే చూస్తున్నాను. ఎక్కడా తడుముకోలేదాయన. పావుతో సహా చెప్పాడు. అప్పుడు తట్టింది నాకు. ఇన్నేళ్లలో ఎంతమంది వచ్చి "నేను నష్టపోయానా బాబాయ్?" అని అడిగారో! నష్టపోయావని ఆయన ఒక్కరికైనా చెప్పగా నేను వినలేదు. అదంతా మా వీధి జనం అదృష్టమనుకున్నాను.

"బాబాయ్," అన్నాడు మందులాయన గొంతు తగ్గించి, "రేపు ఇంకెవరైనా ఆ బుధవారం సంగతి అడిగితే?"

"నీ షాపులో తలనొప్పి మాత్రలున్నాయా?"

"ఉన్నాయి."

"ఒకటి పట్రా."

ఆయన వెళ్లేదాకా ఆగి, బాబాయ్ బోర్డు వైపు తిరిగాడు.

"సుద్దముక్క తియ్యరా. ఇవాళ్టి రేటు కింద పెద్దక్షరాలతో రాయి. ఇక్కడ పాత రేట్లు చెప్పబడవు."