దుంగ ఒకటి, పొడవు అయిదడుగుల నాలుగంగుళాలు

ఆ రోజుల్లో మాకు పరదేశం వెళ్ళడమంటే గోదావరి దాటడమే. ఈ ఒడ్డు బస్తరు రాజాగారిది, ఆ ఒడ్డు నైజాం నవాబుగారిది. మధ్యలో నీళ్ళెవరివో చేపల్నే అడగాలి. ఇప్పటివాళ్ళు పాస్‌పోర్టు తెరిచి అందులో పడ్డ ముద్రలు నలుగురికీ చూపించి మురుస్తుంటే నేను నోరు మూసుకుని కూర్చుంటాను. నా జన్మకు ఒక్కటే విదేశీ ముద్ర పడింది. అది కూడా కలప రవాణా పాసు మీద.

అప్పుడు నాకు ఇరవై ఏళ్ళు. తర్లగూడ దగ్గరి రేవులో అడవి మున్షీని. వచ్చిన టేకు దుంగల్ని కొలవడం, మొదలు కోసిన చోట సుత్తితో సర్కారు గుర్తు వేయడం, పాసు రాసివ్వడం నా పని. గుర్తూ పాసూ ఉంటే దుంగ తెప్పలో కిందికి పోతుంది, లేకపోతే దొంగసొత్తు. బండ్లు తోలుకొచ్చినవాళ్ళు దొర్లీ భాషలో తమలో తాము మాట్లాడుకుని ఎండ చల్లబడగానే వెళ్ళిపోయేవారు. ఆ తర్వాత నేనూ, దుంగలూ. (కొలతలు పైకి గట్టిగా చదివేవాణ్ణి. వినేవాళ్ళుండి కాదు, నా గొంతు నేను మరిచిపోకుండా ఉండాలని.) అమ్మా నాన్నా అంతకు ముందే పోయారు. నాది అనుకోవడానికి అక్క ఒక్కతే. ఆమెను అవతలి ఒడ్డుకు రెండు కోసుల దూరంలో ఇచ్చారు. ఆ ఏడు ఆమెకు కొడుకు పుట్టాడని, వచ్చి చూసిపొమ్మన్నదని దోనె నడిపే అతను కబురు తెచ్చాడు.

అయితే అవి నవాబుగారు ఇండియాలో కలుస్తారా కలవరా అని ఊరూరా గుసగుసలాడే రోజులు. అవతలి ఒడ్డున కొత్తగా నాకా, అంటే తనిఖీ చౌకీ, పెట్టి, సర్కారు కాగితం లేనిదే ఎవరినీ రానివ్వడం లేదు. కాగితం కావాలంటే భోపాలపట్నం నడిచి వెళ్ళి ఎన్నాళ్ళయినా పడిగాపులు కాయాలి. నాకున్నది నాలుగు రోజుల సెలవు. సర్కారు కాగితాలు నా పెట్టెలోనే కట్టలుగా ఉండగా భోపాలపట్నం ఎందుకనిపించింది. ఒక రవాణా పాసు తీసి నా పేరున నేనే నింపుకున్నాను. దుంగలు: ఒకటి. పొడవు: అయిదడుగుల నాలుగంగుళాలు. చుట్టుకొలత ఛాతీ దగ్గర తీసుకుని రాశాను. జాతి అనే గడి దగ్గర చాలాసేపు ఆలోచించి 'టేకు కాదు' అన్నాను. గుర్తు అన్నచోట, కుడి చెంప మీద పుట్టుమచ్చ.

అవతలి నాకాలో ఉర్దూ తప్ప చదవలేని ముసలి గుమాస్తా నన్నే చదివి వినిపించమన్నాడు. విని, నా చెంప తన వైపు తిప్పుకుని, పుట్టుమచ్చను వేలితో రుద్ది చూసి, అది చెరిగిపోలేదని నమ్మకం కుదిరాక ముద్ర గుద్దాడు.

అక్క ఇంట్లో మూడు రోజులు ఏడాదికి సరిపడా మాట్లాడాను. బయలుదేరుతుంటే పిల్లవాణ్ణి నా చేతుల్లో పెట్టి, "పుట్టెంటికలు తీసేటప్పుడు మేనమామ ఒళ్ళెనే కూసోవెట్టాలె తమ్మీ. వీనికి నువ్వొక్కనివే మామవు. నువ్వొచ్చేదాంక కత్తెర ముట్టనియ్య," అంది. వస్తానని వాడి తల మీద చెయ్యి పెట్టి మాటిచ్చాను.

తిరిగి వచ్చేసరికి మా ఒడ్డునా ఒక నాకా వెలిసి ఉంది. జగదల్‌పూర్ నుంచి దిగిన జమాదారు నా పాసు మీది ముద్ర చూసి ఎగిరిపడ్డాడు.

"నవాబు ఠప్పా! జాసూస్‌వా ఏంది?"

"గూఢచారిని కాదు జమాదార్ సాబ్. ఈ రేవు మున్షీని."

"ఈ కాగజ్‌ల మున్షీ ఏడున్నడు? లకడీ ఉన్నది. లకడీ అటు పోయింది. పోయిన లకడీ వాపస్ వస్తదా ఎప్పుడన్న?"

నా ఉద్యోగంలో ఒక్క దుంగ కూడా వెనక్కి రాలేదు. మున్షీగా ఆ వాదన నాకే న్యాయంగా తోచింది. ఎండలో ఇసుక మీద కూర్చోబెట్టి, చివరికి ఆయనే జాలిపడి, "సరే, రేవు మున్షీని పిలువు. నిన్ను గుర్తుపడితే ఇడుస్త," అన్నాడు. నేను లేచి నిలబడి, "గుర్తుపట్టాను సాబ్," అన్నాను. ఆయన నవ్వలేదు. పాసు వెనక 'మాలు వాపసు వచ్చినది, ఇజాజతు లేక మళ్ళీ సరిహద్దు దాటరాదు' అని, అంటే అనుమతి లేనిదే దాటకూడదని, రాసి నాతో సంతకం పెట్టించుకుని పాసు తన దగ్గరే ఉంచుకున్నాడు. మళ్ళీ దాటితే నౌకరీ పోతుందని, జైలు కూడా ఉంటుందని నా అంతట నేనే అర్థం చేసుకున్నాను.

ఏడాది పైన గడిచింది. రాజాగారి సంస్థానం ఇండియాలో కలిసింది. నాకా మాత్రం కదల్లేదు. అక్క నుంచి దోనె మీద కబుర్లు వచ్చేవి: ఎప్పుడొస్తవ్ తమ్మీ? నేను సెలవు దొరకలేదని చెప్పి పంపేవాణ్ణి. కొలతలు చదివే గొంతు ఇంకా పెద్దది చేశాను. విచిత్రమేమిటంటే, ఆ ఏడంతా నాకు తోడు ఆ జమాదారే. ఆయనదీ నా బతుకే, పెళ్ళాం పిల్లలు జగదల్‌పూర్‌లో. రోజూ సాయంత్రం ఇద్దరం ఇసుక మీద కూర్చుని బీడీలు కాల్చుకుంటూ అవతలి ఒడ్డు కేసి చూసేవాళ్ళం. అన్నీ మాట్లాడుకునేవాళ్ళం, నేను అవతలికి దాటే ఆ ఒక్క సంగతి తప్ప.

చివరికి నైజాం కూడా ఇండియాలో కలిసింది. నాకా ఎత్తేసిన రోజున జమాదారు ట్రంకు పెట్టె సర్దుకుంటూ అడుగు నుంచి నా పాసు తీసి నా చేతికిచ్చాడు.

"ఇది పైకి పంపలేదా సాబ్?" అన్నాను.

"ఎందుకు పంపుత? అక్క కాడికి పోయొస్తనని నువ్వు అడుగుతవు, నేను ఇజాజత్ రాసిస్త అనుకున్న. రోజూ పక్కనే కూసున్నవ్. ఒక్కసారన్న అడిగినవా?"

మర్నాడే దోనె ఎక్కాను. అక్క గుమ్మంలో రెండు జడలు వేసుకున్న పిల్ల ఆడుతోంది. "ఎవరి పిల్ల అక్కా, ముద్దుగా ఉంది," అన్నాను. అక్క నా కేసి చూసి నవ్వడం మొదలుపెట్టి, మధ్యలో చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఊళ్ళో ఎవరెన్ని అన్నా కొడుకు తల మీద కత్తెర పడనివ్వలేదట. ఆ సాయంత్రమే వాణ్ణి నా ఒళ్ళో కూర్చోబెట్టారు. కొత్తవాణ్ణని కెవ్వుమని ఏడ్చి, నన్ను రక్కి పెట్టాడు.

"ఇన్ని దినాలు ఎవలాపిండ్రురా నిన్ను?" అంది అక్క, రాలిన వెంట్రుకలు ఏరుతూ.

"ఆ నాకా అక్కా," అన్నాను.

ఆమె పోయేదాకా ఆ నాకాను తిడుతూనే ఉంది, పాపం. ఒక్కసారైనా నిజం చెప్పలేకపోయాను. ఇరవై ఏళ్ళ ఆ మున్షీని తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. నవ్వడం అయ్యాక, పక్కన ఎవరైనా ఉన్నా సరే, కాసేపు ఒంటరిగా ఉన్నట్టే ఉంటుంది.