తెలివి ఉన్న పూట

నిన్న మా దీవిలోని సిప్పీఘాట్‌లో ఒక ఇంటి అరుగు మీద కూర్చున్నప్పుడు, వాకిట్లో ఆరబోసిన ఎండుకొబ్బరి వాసన ముక్కుకు తగిలింది. కాస్త తీపి, కాస్త నూనె చిక్కదనం. ఆ వాసనకు నాకెప్పుడూ చౌల్దారీలోని ఒక ఇల్లు, ఆ ఇంటికి నన్ను వెంటబెట్టుకుని వెళ్లిన ఎస్తేరు దీదీ గుర్తుకొస్తారు. హాడోలో రెండు గదుల ఆఫీసు పెట్టి, పొదుపు గురించి, పెట్టుబడుల గురించి జనానికి సలహాలు చెప్పేవారామె. ఆదివారం చర్చిలో గొంతెత్తి తెలుగు పాటలు పాడేవారు. సోమవారం అదే గొంతుతో నాకు చీవాట్లు పెట్టేవారు. ఈ వృత్తిలో నా గురువు ఆమే.

నేను కాలేజీ గడప తొక్కలేదు. నా చదువంతా లైబ్రరీలోనే. ఒప్పందాల చట్టం మీద ఉన్న పుస్తకాన్ని, పక్కన డిక్షనరీ పెట్టుకుని వారాల తరబడి చదివాను. మతి స్థిమితం లేనివారు చేసుకున్న ఒప్పందం చెల్లదని తెలిసిన రోజున, హాడోలో నాకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదన్న ధీమాతో ఇంటికి నడిచాను. సరిగ్గా ఆ రోజుల్లోనే రమణ ఆఫీసుకు వచ్చాడు. వాళ్ల నాన్న అప్పలస్వామి గారు హాడో రేవులో క్రేన్ నడిపి రిటైరైన మనిషి. ఆయన డిపాజిట్ గడువు తీరింది. ఆ సొమ్మంతా ఏడేళ్ల పథకంలో పెట్టాలని రమణ ఆలోచన.

"బాబూజీకి దిమాగ్ సరిగా లేదు దీదీ. సాయంత్రమైతే నన్నే గుర్తుపట్టడు. కాగితాలివ్వండి, సంతకం నేనే పెట్టేస్తా."

"కొడుకువైనంత మాత్రాన ఆయన చెయ్యి నీదైపోదు భయ్యా. నీకు అధికారం రాసిచ్చారా?"

"ఇప్పుడేం రాస్తాడు!"

నేను ఆగలేకపోయాను. "మతి స్థిమితం లేనివారి సంతకం చెల్లదు దీదీ. పుస్తకంలో ఉంది."

దీదీ కళ్లజోడు పైనుంచి చూశారు. "ఆ పేజీ అయ్యేసరికి నిద్రొచ్చేసిందా అమ్మాయ్? తర్వాతి పేజీ మీ పక్కింటావిడ చదువుతుందా?"

మర్నాడే వెళ్లి చదివాను. మామూలుగా మతి నిలకడ లేని మనిషి కూడా, తెలివి నిలకడగా ఉన్న సమయంలో ఒప్పందం చేసుకోవచ్చు. విషయం అర్థమై, దానివల్ల తనకు ఒరిగేదేమిటో, పోయేదేమిటో తూచుకోగలిగితే చాలు. చట్టం మనిషిని ఒక్క మాటతో కొట్టిపారేయదని, అతనికి తెలివి ఉన్న కాసేపటికీ విలువిస్తుందని తెలిసి, లైబ్రరీలో ఒక్కదాన్నే కూర్చుని నవ్వుకున్నాను.

ఈలోగా దీదీ రమణ భార్యకు ఫోన్ చేసి, మామగారు ఏ వేళ బాగుంటారని అడిగారు. పొద్దున చాయ్ తాగిన దగ్గర్నుంచి భోజనం వేళ దాకా బాగుంటారని ఆమె చెప్పింది. మేము పొద్దుటి బస్సుకే చౌల్దారీలోని వాళ్లింటికి వెళ్లాం. వాకిట్లో ఎండుకొబ్బరి ఆరబోసి ఉంది. దీదీ కోరిక మీద ఊరి డాక్టరు గారు కూడా వచ్చి కూర్చున్నారు. రమణను మాత్రం దీదీ బయటే ఉండమన్నారు. కొడుకు పక్కన కూర్చుంటే, తండ్రి చెప్పే "సరే" ఎవరిదో తెలియదని ఆమె భయం. పథకం సంగతంతా మెల్లగా వివరించి, "ఇప్పుడు మీ మాటల్లో నాకు చెప్పండి తాతా" అన్నారు.

ఆయన ముందు ఒక్కటే అడిగారు. "మద్దిలో డబ్బు కావాలంటే?"

"ఇస్తారు గానీ, కొంత కోసుకుంటారు."

"అంటే ఓడ ఎక్కించినాక గ్యాంగ్‌వే మెట్లు తీసేత్తారన్నమాట. దిగాలంటే నీళ్లల్లోకి దూకాల. ఈ వయసులో ఆ జహాజ్ నాకెందుకమ్మా? నాకొద్దు. నెలనెలా చేతికొచ్చేది ఏదైనా ఉంటే సెప్పు. బస్సు కిరాయిక్కూడా కొడుకుని అడగాలంటే సిగ్గుగా ఉంటాది."

గుమ్మం అవతలినుంచి రమణ అరిచాడు. "విన్నారా దీదీ! దిమాగ్ లేదంటే ఇదే!"

దీదీ పగలబడి నవ్వారు. "ఇంత సాఫ్ దిమాగ్ ఈమధ్య నేను చూళ్లేదు భయ్యా. నా కమీషన్ కూడా ముంచేశారు మీ బాబూజీ!"

రమణ లోపలికొచ్చి తండ్రి కాళ్ల దగ్గర కూర్చున్నాడు. "బస్సు కిరాయికి సిగ్గేంటి బాబూజీ" అన్నాడు గొంతు తగ్గించి. నెలనెలా డబ్బు వచ్చే పథకాన్ని దీదీ మళ్లీ మొదట్నుంచి వివరించారు. తాత దాన్ని తన మాటల్లో చెప్పి, సంతకం పెట్టారు. ఆ సమయంలో ఆయన తెలివిగానే ఉన్నారని డాక్టరు గారు రాసిచ్చారు.

భోజనం పెట్టి గానీ మమ్మల్ని పంపలేదు. బయల్దేరేటప్పుడు తాత నన్ను ఎగాదిగా చూసి, "ఎవరమ్మాయివే నువ్వు? జహాజ్ వచ్చిందా?" అన్నారు. బస్సులో అడిగాను. "పొద్దున అన్నదంతా మరిచిపోయారు కదా దీదీ, ఇంకా చెల్లుతుందా?"

"ఆయన మరిచిపోతే ఆ మాట ఎక్కడికి పోతుంది? పొద్దున ఆయన చెప్పినదాన్ని సాయంత్రం ఆయన కోసం మనం కాపాడాలి. మన నౌకరీ అదే."

దీదీ ఇప్పుడు లేరు. ఆ రెండు గదుల ఆఫీసు నేను చూసుకుంటున్నాను. నేను చెప్పినదంతా విని, నిదానంగా ఆలోచించి, ఎవరైనా "నాకొద్దు" అన్నప్పుడు, ఆ రోజు సంపాదన తగ్గినా నా మనసు తేలికపడుతుంది. ఎదుట కూర్చున్న మనిషి తన బతుక్కి ఇంకా తానే యజమాని అని తెలుస్తుంది.