మొదటి కుర్చీ మనిషి

మా సెలూన్లో మగవాళ్ళ వైపు రెండు కుర్చీలు, ఆడవాళ్ళ వైపు ఒకటి. మధ్యలో గోడ లేదు, ప్లైవుడ్డు చెక్క ఉంది. అటు ఎవడు గొణిగినా ఇటు వినబడి చస్తుంది. నేను ఇటువైపు కనుబొమలు తీస్తాను. పని నేర్పింది అక్క. అక్కంటే నా తోబుట్టువు కాదు, అటువైపు మొదటి కుర్చీ దగ్గర కత్తెర పట్టే మనిషి పెళ్ళాం. షాపు ఆ మనిషి సొంత అన్నయ్యది. మేం ఆయన్ని ఓనరు అంటాం. తమ్ముణ్ణి మాత్రం ఊరంతా తాళం అనేది.

ఎందుకంటే, మెడకి గుడ్డ కట్టగానే మగాళ్ళకి ఏమవుతుందో ఏమో, కడుపులో ఉన్నదంతా అద్దంలోకి చూస్తూ కక్కేస్తారు. పెళ్ళాం మాట్లాడటం లేదంటాడొకడు. తమ్ముడి వాటా నొక్కేశానంటాడు ఇంకొకడు. తాళం "ఊఁ" అనేవాడు, అంతే. ఆ మాట ఆ కుర్చీ దాటేది కాదు. ఇంట్లో అక్క గుచ్చి గుచ్చి అడిగినా "వాళ్ళ గొడవ మనకెందుకే" అనేవాడట. నోట్లో నాలుక లేని మనిషని నేను వెక్కిరిస్తే అక్కకి కోపం వచ్చేది. "నీకేం తెలుసే, ఆ నోటిని నమ్ముకునే నేను కాపురం చేస్తున్నా" అనేది.

ఒకరోజు తాళం స్కూటరుకి కుక్క అడ్డం వచ్చింది. తల డివైడరుకి కొట్టుకుంది. చాలా రోజులు ఆసుపత్రిలో కళ్ళు తెరవకుండా పడున్నాడు. అక్కకి తోడుగా నేనూ వెళ్ళి కూర్చునేదాన్ని. నిద్ర లేక, తిండి లేక, పీనుగులా అయిపోయింది పాపం. ఆ మంచం పక్కనే ఒక సాయంత్రం అనేసింది, "ఈయన పోయినా బాగుండేదే. నేను కాస్త ఊపిరి పీల్చుకునేదాన్ని." అన్న మరుక్షణం తనే చెంపలు వాయించుకుంది. నేను గబుక్కున ఆమె నోరు మూశాను. ఆ మనిషి ఉలుకూ పలుకూ లేకుండా ఉన్నాడు, ఎవరు వింటారులే అనుకున్నాం. మేం ఆ మాట మళ్ళీ ఎత్తలేదు.

బతికాడు. చేతులు బాగానే పనిచేశాయి. అప్పుడప్పుడు ఫిట్స్ వచ్చేవి, దానికో మందు. కానీ మనిషిలో మనిషి లేడు. గడ్డం సగం గీసి ఆగిపోయేవాడు. ఒకసారి కస్టమరు నెత్తి మీద టపటపా కన్నీళ్ళు పడ్డాయి. "నీళ్ళు కొట్టింది చాలు" అన్నాడు ఆ పెద్దమనిషి, చూసుకోకుండా. ఓనరు తమ్ముడి చేతిలోంచి కత్తెర లాక్కుని చీపురు పెట్టాడు. రాలిన జుట్టు ఊడ్చుకుంటూ ఉండేవాడు.

అప్పుడు డాక్టరు దిగులు తగ్గడానికి ఓ తెల్లమాత్ర రాశాడు. ఓనరునీ అక్కనీ ఇద్దర్నీ కూర్చోబెట్టి చెప్పాడట. "తలకి దెబ్బ తగిలినవాళ్ళలో కొందరికి ఈ మందు తేడా చేస్తుంది. నిద్ర పోకపోయినా, మాట అదుపు తప్పినా, మనిషి ఎలాంటివాడో అలా లేడనిపించినా వెంటనే తీసుకురండి. మీ అంతట మీరు ఆపకండి." అక్క ఆ మాటలు నాకు అప్పజెప్పింది కూడా.

కొన్నాళ్ళకి కూనిరాగం మొదలైంది. హమ్మయ్య అనుకున్నాం. కత్తెర మళ్ళీ చేతికొచ్చింది. ఆ తర్వాత మాటలొచ్చాయి. ఇక ఆగితే ఒట్టు.

మొదట బలైంది లెక్కల మాస్టారు. జుట్టుకి రంగు వేయించుకుంటున్నాడు. తాళం హుషారుగా, అందరికీ వినబడేలా అన్నాడు, "మాస్టారూ, ఈ రంగు ఎవరి కోసం? మీ ఆవిడ కోసమైతే దండగ. మీరు గదిలోకొస్తే ఆవిడ బయటికెళ్ళిపోతుందని మీరే ఏడ్చారుగా!" బెంచీ మీద వాళ్ళు పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు. సగం తలకి రంగు, సగం తెలుపు, ఎక్కడికి లేచిపోతాడు? పూర్తయ్యేదాకా తల దించుకుని కూర్చున్నాడు. ఓనరు టీవీ సౌండు తగ్గించాడు, ఒక్క ముక్క కూడా పోకూడదని.

మర్నాటి నుంచీ చూడాలి జనాన్ని! గడ్డం మొలవని వెధవలు కూడా బెంచీ ఎక్కారు. ఓనరు ఇంకో బెంచీ వేశాడు. సంగతి తెలిసినవాళ్ళు రెండో కుర్చీలో గీయించుకుని, పాపం తెలియనివాణ్ణి మొదటి కుర్చీలోకి తోసేవాళ్ళు. బావమరుదుల్నీ, గిట్టని పక్కింటివాళ్ళనీ మర్యాదగా వెంటబెట్టుకుని తెచ్చేవాళ్ళు. మెడ మీద కత్తి ఉండగా ఎవడు నోరెత్తుతాడు? "తాళం, ఈయన సంగతేంటోయ్?" అని బెంచీ మీంచి అందిస్తే చాలు. ఇన్నేళ్ళుగా లోపల దాచినదంతా గలగలా బయటికి. చెబుతున్నవాడి మొహంలో పాపం పుణ్యం ఏమీ లేదు, పసిపిల్లాడిలా వెలిగిపోతూ ఉండేవాడు. నాకు ఒళ్ళు మండిపోయేది. ఇళ్ళల్లో గొడవలయ్యాయి. ఒకాయనతో అన్నదమ్ములు మాటలు మానేశారు. అయినా బెంచీ ఖాళీ అయ్యేది కాదు.

అక్క ఓనరు దగ్గర నెత్తీ నోరూ కొట్టుకుంది. "బావగారూ, ఈయన ఇలాంటి మనిషి కాదు. రాత్రంతా గదిలో తిరుగుతూనే ఉన్నాడు. డాక్టరు చెప్పింది ఇదే కదా. చూపిద్దాం, మీ కాళ్ళు పట్టుకుంటా."

"ఏడుస్తుంటే బాగుందా అమ్మా? నవ్వుతున్నాడు, నవ్వనీ" అన్నాడు ఆ మహానుభావుడు.

"నవ్వుతున్నది ఆయన కాదు బావగారూ. నా మొగుణ్ణి నాకు తెచ్చివ్వండి."

చీమ కుట్టినట్టయినా లేదు ఆయనకి. డాక్టరు దగ్గరికి తమ్ముణ్ణి తనొక్కడే స్కూటరెక్కించుకుని వెళ్ళి, బయట బండి దగ్గరే నిలబెట్టి తను మాత్రం లోపలికి పోయాడు. "ఎలా ఉన్నాడు?" అని డాక్టరు అడిగితే "పర్వాలేదు సార్, ఇంకా కాస్త డల్లుగానే ఉన్నాడు" అన్నాడట. ఈ మాట ఓనరే బెంచీ మీద వాళ్ళకి పళ్ళికిలిస్తూ చెప్పుకున్నాడు. డాక్టరు మోతాదు పెంచాడు. ఆ మాత్ర ఓనరే పొద్దున్నే షాపులో, టీతో పాటు, దగ్గరుండి మింగించేవాడు.

ఆ రోజు మా వైపు కుర్చీలో ఓ బ్యాంకు ఉద్యోగిని ఉంది. అక్క పళ్ళ మధ్య దారం పట్టుకుని ఎడమ కనుబొమ తీస్తోంది. అటువైపు లెక్కల మాస్టారి గొంతు వినబడింది. కసి తీరక మళ్ళీ వచ్చాడు మనిషి, ఈసారి బెంచీ మీదికి.

"ఊరందరి సంగతీ చెప్పావు గానీ తాళం, మీ ఆవిడ సంగతి చెప్పవేం?"

బెంచీ ముందుకు వంగింది. టీవీ సౌండు తగ్గింది.

"మా ఆవిడా? బంగారం!" అన్నాడు తాళం. కత్తెర చప్పుడు ఆగలేదు. "ఆసుపత్రిలో నాకు కళ్ళు మూతపడ్డాయి గానీ చెవులు మూతపడలేదు మాస్టారూ. 'ఈయన పోయినా బాగుండేదే, నేను కాస్త ఊపిరి పీల్చుకునేదాన్ని' అంది. నేను పోలేదు! పాపం, దానికి ఊపిరాడకుండా చేశాను!"

తనే ముందు నవ్వాడు. తర్వాత బెంచీ నవ్వింది. అందరికంటే పెద్దగా నవ్వింది ఓనరు. అక్క దారం తెగింది. కొత్త దారం తీసుకుంది, పళ్ళ మధ్య పెట్టుకుంది, మిగిలిన కనుబొమ పూర్తి చేసింది. రెండూ సమానంగా వచ్చాయో లేదో అద్దంలో చూపించింది. ఆ పిల్ల అద్దం వంక చూడలేక కళ్ళు దించేసుకుంది.

తర్వాత అక్క మొహం కడుక్కుని మగవాళ్ళ వైపుకి నడిచింది. ఓనరు సొరుగులోంచి మాత్రల అట్ట తీసుకుంది. "ఏయ్, ఏయ్" అంటూ ఆయన లేచాడు. "ముట్టుకుంటే ఈ కత్తి ఎక్కడ దిగుతుందో నాకే తెలీదు" అంది, మంగలి కత్తి చేత్తో పట్టుకుని. ఆయన కూర్చుండిపోయాడు. మొగుడి రెక్క పట్టుకుని, రాలిన జుట్టు అంటుకున్న బట్టలతోనే, నేరుగా డాక్టరు దగ్గరికి లాక్కెళ్ళింది. అన్నీ చెప్పింది. డాక్టరు తలపట్టుకున్నాడు. కొంచెం కొంచెంగా తగ్గించుకుంటూ ఆ మందు మాన్పించాడు, వేరేది రాశాడు.

పాత తాళం తిరిగొచ్చాడు. నిజం చెబుతున్నా, రాకపోయినా బాగుండేది. అన్నదేదీ మర్చిపోలేదు ఆ మనిషి. ప్రతి ముక్కా గుర్తుంది. ఒక్కొక్కళ్ళ ఇంటి గుమ్మం దాకా వెళ్ళి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. కొందరు తలుపు మొహం మీదే వేశారు. లెక్కల మాస్టారు మాత్రం లోపలికి పిలిచి, "ఇంకెవరి గుట్టయినా మిగిలిందా, చెప్పు" అన్నాడట. షాపులో మళ్ళీ "ఊఁ" ఒక్కటే మిగిలింది. కానీ ఆ కుర్చీలో ఎవరూ ఏమీ చెప్పడం లేదు, ఆ "ఊఁ" అనడానికి కూడా పని లేదు. బెంచీ పల్చబడింది. ఓనరు తమ్ముణ్ణి పాడైపోయిన ఫ్యాన్ని చూసినట్టు చూసేవాడు.

ఇంట్లో సంగతి అక్క చెప్పింది. తిడితే బాగుండునట, కొడితే ఇంకా బాగుండునట. "నా మొహం చూడటం లేదే. అన్నం పెడితే తింటాడు, పక్క వేస్తే పడుకుంటాడు. ఆ మాట విని, దాన్ని లోపలే పెట్టుకుని, ఇన్నాళ్ళూ నేను పెట్టింది తిన్నాడే!" అని బావురుమంది.

నిన్న ఎన్నడూ లేనిది తాళం మా వైపుకొచ్చాడు. తెర పక్కకి తీసి గుమ్మంలో నిలబడ్డాడు. మా కుర్చీ ఖాళీగా ఉంది. అక్క దారం చుడుతోంది.

"ఆ మాత్రలు ఏమైనా మిగిలాయా?" అన్నాడు, అక్క వైపు చూడకుండా.

"కాలవలో పారేశాను. ఎందుకు?"

నేను లేచి వెళ్ళిపోదామనుకున్నాను, గుమ్మానికి అడ్డంగా ఉన్నాడు.

"అవి వేసుకున్నప్పుడు, నువ్వన్న మాట తలుచుకుంటే నవ్వొచ్చేది" అన్నాడు. "ఇప్పుడు రావడం లేదు."

అక్క చేతిలో దారపు ఉండ కిందపడి నా కాళ్ళ దాకా దొర్లింది. ప్లైవుడ్డుకి అటుపక్క బెంచీ కిర్రుమంది. ఓనరు టీవీ సౌండు తగ్గించాడు.