సెల్ఫ్ హిప్నాసిస్, నా హిమోగ్లోబిన్

బీడీలకు వాడే తునికాకు తెంపడానికి వెళ్లిన మొదటి ఉదయమే ఏదో తేడాగా అనిపించింది. మాది చర్ల దగ్గర ఊరు. ప్రతి ఎండాకాలం ఎక్కే గుట్టే అది. ఆ రోజు సగం దారిలోనే గుండె దడదడలాడి, కళ్లు బైర్లు కమ్మాయి. బండ మీద కూలబడ్డాను.

"చదువుకున్న కాళ్లకు గుట్ట ఎక్కుడు రాదా ఏంది?" అంది వదిన. అందరూ నవ్వారు. ఆకు రోజుల్లో మా దగ్గర అలసిపోనివాళ్లు ఉండరు. అందుకే నా అలసట ఎవరికీ విడిగా కనిపించలేదు.

ఊరి ఆరోగ్య సబ్‌సెంటర్‌లో సిస్టర్ కంటి రెప్ప కిందికి లాగి చూసి ఐరన్ మాత్రలు ఇచ్చింది. నెలసరి సరిగ్గా వస్తోందా అని అడిగింది. పక్కనే అన్న ఉన్నాడు. అవునని తల ఊపాను. నిజానికి మొదలైతే రక్తస్రావం ఒక పట్టాన ఆగేది కాదు.

మాత్రలకు కడుపులో తిప్పేది. అప్పుడే ఫోన్‌లో సెల్ఫ్ హిప్నాసిస్ గురించి చదివాను. కళ్లు మూసుకుని, ఊపిరి నెమ్మదిగా తీసుకుంటూ, "నా ఒంట్లో బలం నిండుతోంది" అని చెప్పుకోవాలి. ఎవరికీ ఏమీ చెప్పనక్కర్లేదు కాబట్టి నాకు మరీ నచ్చింది. రోజూ చేశాను. దడ తగ్గినట్టే ఉంది. గుట్ట కూడా ఎక్కాను. మాత్రలు ఆపేశాను.

సీజను ముగుస్తుండగా, ఆకు కట్టలు అప్పజెప్పే కల్లంలో స్పృహ తప్పి పడిపోయాను.

భద్రాచలం దవాఖానాలో హిమోగ్లోబిన్ ఐదే ఉందన్నారు. స్కాన్‌లో గర్భసంచిలో ఫైబ్రాయిడ్ గడ్డ కనిపించింది. డాక్టరమ్మ అన్నను బయటికి పంపి నెలసరి గురించి అడిగింది. అప్పుడు చెప్పాను.

"నాకన్నా చెప్పకపోతివి బిడ్డా," అంది మంచం పక్కనే ఉన్న అమ్మ.

"సిగ్గైంది."

"సిగ్గుపడి సస్తవా?" అంటూనే కొంగుతో నా మొహం తుడిచింది.

హిప్నాసిస్ సంగతి కూడా చెప్పాను. డాక్టరమ్మ నవ్వలేదు. "దానివల్ల భయం, నొప్పి కొంత తగ్గొచ్చమ్మా. రక్తం మాత్రం పుట్టదు. అలసట ఎక్కడికీ పోలేదు, నువ్వే దాని మాట వినడం మానేశావు. ఇంకా ఆలస్యమైతే గుండెకే ముప్పు వచ్చేది."

రక్తం ఎక్కించడం మొదలుపెట్టగానే చలిజ్వరం రావడంతో ఆపేశారు. మర్నాడు మళ్లీ సూది. నరం దొరక్క పొడుస్తూనే ఉన్నారు. నాకు సూదంటే వణుకు. కళ్లు మూసుకుని, నేర్చుకున్నట్టే నెమ్మదిగా ఊపిరి తీసుకున్నాను. బిగుసుకున్న చెయ్యి వదులైంది.

"గిట్ల ఉంటే మాకు జల్దీ అయితది," అంది నర్సు.

ఇప్పుడు ఫైబ్రాయిడ్‌కు మందులు వాడుతున్నాను. ఐరన్ మాత్ర అన్నం తిన్నాక వేసుకుంటే తిప్పడం లేదు. హిమోగ్లోబిన్ మెల్లగా పెరుగుతోంది. సాధన మానలేదు, దానితో నిద్ర బాగా పడుతుంది. పోయిన చెకప్‌లో గదిలో వేరే పేషెంట్లు ఉన్నా, రక్తస్రావం మళ్లీ ఎక్కువైందని చెప్పాను. డాక్టరమ్మ మందు మార్చింది.

సెల్ఫ్ హిప్నాసిస్ చేయొద్దని నేననను. కాకపోతే, మీతో మీరు మాట్లాడుకోవడం మొదలుపెట్టే ముందు, చెప్పడానికి సిగ్గుగా ఉన్న లక్షణాన్ని డాక్టరుకు చెప్పండి.